వైరస్ అణిగింది, మరి కాళ్లలో సత్తువ మాటేమిటి?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి చికిత్స చేసే ఫిజియోథెరపిస్టుగా ఈ లేఖ రాస్తున్నాను.

రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ కనబడలేదని వస్తే క్లినిక్‌లో అందరి మొహాలూ వెలుగుతాయి. వెలగాల్సిందే. హెచ్‌ఐవీని అణిచిపెట్టే ఏఆర్‌టీ మందులు నిలబెట్టిన ప్రాణాలవి. కానీ అదే మనిషి కుర్చీలోంచి లేచేటప్పుడు ఒక్కసారి గమనించండి. రెండు చేతులూ మోపి, ముందుకు వంగి, కాసేపు ఆగి, అప్పుడు లేస్తారు. యాభై ఏళ్లు నిండకుండానే! ఆ సంగతి రాయడానికి కేసు షీటులో చోటే ఉండదు.

వైరస్ అణిగినా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే రోగనిరోధక వ్యవస్థ రగిలించే వాపు, పూర్తిగా చల్లారదు. ఇన్‌ఫెక్షన్ సోకిన తొలి వారాల్లోనే పేగు గోడలోని రక్షణ కణాలు పెద్ద ఎత్తున నశిస్తాయి. మందులు వాడినా ఆ నష్టం పూర్తిగా పూడదు. బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి చేరుతూనే ఉంటాయి, రోగనిరోధక కణాలకు విరామం దొరకదు. రక్తపరీక్షలో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే ఐఎల్-6, సీఆర్‌పీ, రక్తం గడ్డకట్టే తీరును సూచించే డీ-డైమర్ చాలామందిలో ఎక్కువగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. ఐఎల్-6, డీ-డైమర్ ఎక్కువున్నవారిలో మరణాలూ ఎక్కువేనని హెచ్‌ఐవీ చికిత్సపై జరిగిన 'స్మార్ట్' అధ్యయనంలోని రక్త నమూనాలు 2008లోనే చూపాయి. నడక మందగించడానికీ, కండ బలం తగ్గడానికీ ఐఎల్-6తో సంబంధం కనిపించింది. పొగతాగడం, కదలకుండా కూర్చోవడం, ఊబకాయం కూడా ఇందులో కలిసిపోయి ఉంటాయి కనుక నెపమంతా వైరస్ మీదే వేయలేం.

ఐఎల్-6 పరీక్ష అందరికీ చేయించమని నేను అడగడం లేదు. చిన్న జ్వరానికే ఆ అంకె మారిపోతుంది, ఇంత దాటితే ఫలానా మందు అనే గీతా లేదు. ఆ డబ్బు మరోచోట పెట్టండి. నలభై దాటిన ప్రతి ఒక్కరినీ ఏడాదికోసారి చేతుల సాయం లేకుండా ఐదుసార్లు కుర్చీలోంచి లేచి కూర్చోమనండి. 15 సెకన్లు దాటితే కాళ్ల బలం తగ్గినట్టే. దీనికి స్టాప్‌వాచ్ చాలు. అలా బలం తగ్గినవారిని పంపడానికి మాత్రం ప్రతి ఏఆర్‌టీ కేంద్రానికీ ఒక ఫిజియోథెరపిస్టు ఉండాలి. కండ బలాన్ని తిరిగి తెచ్చేది వ్యాయామమే.

హెచ్‌ఐవీ ఉన్నవారి గుండె విషయంలో దారి కనబడింది కూడా. 40 నుంచి 75 ఏళ్లవారిలో కొలెస్ట్రాల్ తగ్గించే పిటావస్టాటిన్ మందు వాడితే గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పు 35 శాతం తగ్గిందని 2023లో 'రిప్రీవ్' పరిశోధన తేల్చింది.

మరొక్క మనవి. ఈ బలహీనత వల్ల వచ్చే వైకల్యం ఒక రోజు ఉన్నట్టు మరో రోజు ఉండదు. బాగున్న రోజున పరీక్షించి, వైకల్య ధ్రువపత్రం ఇవ్వకుండా వెనక్కి పంపే పద్ధతిని మార్చండి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు