సుధకు, టమాటాల గురించి

మల్కాజిగిరి,
డిసెంబరు 7, ఆదివారం

చి|| సుధకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని అనుకుంటున్నా. అనుకోవడమే, నీ గొంతు విని 22 రోజులైంది. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెడితే దాన్ని క్షేమసమాచారం అనరు. సరే, ఈ ఉత్తరం దాని గురించి కాదు. దసరాకి వచ్చినప్పుడు నీ చేత్తో నీలం పెయింటు డబ్బాలో నాటి వెళ్ళావు చూడు, ఆ పూసా రూబీ రకం టమాటాకి నిన్న మొదటి పండు కోశాం. సరిగ్గా 65 రోజులు. ఆ సంగతి చెబుదామనే.

పండు చిన్నదే, గీతలు గీతలుగా, అటూ ఇటూ నొక్కినట్టు ఉంది. కానీ చారులో వేస్తే వీధి చివరికి వాసన వచ్చింది. మీ అమ్మమ్మ రామములక్కాయ చారు అనేదే, అదే పులుపు. నువ్వు బెంగళూరు పక్క హెసరఘట్ట నుంచి తెచ్చిన అర్క రక్షక్ మాత్రం గుత్తులు గుత్తులుగా కాసింది. ఆకుముడతనీ, వడలు తెగులునీ, ఆకుమాడునీ మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్ కదా. పక్కింటి వాళ్ళ మొక్కలన్నీ తెల్లదోమకి ముడుచుకుపోయినా ఇది చలించలేదు. రుచి అంటావా, తోలు మందం, పప్పులో వేస్తే ఎక్కడి ముక్క అక్కడే. "ఇది లారీ ఎక్కడానికి పుట్టిన కాయ" అన్నారు మీ నాన్న.

కార్తీక వనభోజనాల్లో పద్మత్త కలిసింది. బాగానే ఉంది, మోకాళ్ళ నొప్పులే. ఏదో అంది. తర్వాత చెప్తా.

ఆ ఊదా రంగు రకం, చెరోకీ పర్పుల్, మొక్కంతటికీ నాలుగే కాయలు. ఇంకో మూడు వారాలైనా పడుతుంది. భుజాలు ముదురాకుపచ్చగా ఉన్నాయని మీ నాన్న దాన్ని రోగం అనుకుని వేపనూనె కొట్టారు. ఇరవై తొమ్మిదేళ్ళు పిల్లలకి జీవశాస్త్రం చెప్పాను, మొగుడికి చెప్పలేకపోయా. ఆ ఆకుపచ్చే అసలు తీపి. కాయంతా ఒకేసారి ఎర్రబడితే చూపుకి బాగుంటుందని డెబ్బై ఏళ్ళుగా అలాంటి మొక్కల్నే ఏరి పెంచారు. ఆ ఏరివేతలో కాయలోని పత్రహరితం తగ్గింది, అది తయారుచేసే చక్కెరా తగ్గిందని 2012లో శాస్త్రవేత్తలు తేల్చారు. బజారు టమాటా అద్దంలా మెరుస్తూ చప్పగా ఉండటానికి అదీ ఒక కారణం.

దీని కథ ఇంకా బాగుంది. 1990లో అమెరికాలోని టెనెసీ నుంచి జాన్ గ్రీన్ అనే ఆయన, పేరైనా లేని టమాటా గింజల్ని ఉత్తరంలో పెట్టి క్రెయిగ్ లెహూలియర్ అనే టమాటా పిచ్చాయనకి పోస్టు చేశాడట. అక్కడి ఆదివాసులు చెరోకీ తెగవాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన గింజ అని రాశాడట. ఆయన పండించి చూసి ఈ పేరు పెట్టాడు. ముక్కూ మొహం తెలియనివాడికి అంత వివరంగా ఉత్తరం రాసేవాళ్ళు ఉన్నారు లోకంలో. నేనేం అనట్లేదు.

పద్మత్త అన్నది ఇదీ: "మీ సుధ వాళ్ళ ఆఫీసులో సగం మందిని పంపించేశారటగా వదినా." శ్రీధర్ బావకి ఎవరో స్నేహితుడు చెప్పాడట. నేను పులిహోర వడ్డిస్తూ "ఆఁ, తెలుసు" అన్నా. నాకేం తెలుసు? ఆ పులిహోర ఎవరికి ఎంత వేశానో కూడా తెలీదు.

సరే, తోట. మొన్న ఏప్రిల్‌లో మొక్క నిండా పూలొచ్చి కాడతో సహా రాలిపోతుంటే ఫోన్లో నాతో పాటు నువ్వూ బాధపడ్డావు. దానికి జబ్బేం లేదే. పగలు 35 దాటి, రాత్రి కూడా 24 కిందకి దిగకపోతే టమాటా పుప్పొడి పనిచేయదు. అప్పుడు దాన్ని సతాయించకూడదు. మీ నాన్న ఊరుకోరుగా, ఎరువు మీద ఎరువు వేశారు, ఆకు ఏపుగా పెరిగింది, కాయ మాత్రం లేదు. వేసవిలో కాస్త నీడ ఇచ్చి, వేరు ఎండకుండా చూస్తే చాలు, చల్లబడ్డాక అదే పట్టుకుంటుంది. నీకేదో పోలిక చెప్తున్నానని అనుకోకు. ఇది టమాటా సంగతే.

అసలు మన ఇంట్లోకి టమాటా మొక్క ఎలా వచ్చిందో నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. 1996. నీకు రెండేళ్ళు. చిలకలగూడలో ఆ రేకుల పోర్షన్. మీ నాన్న రోజూ ఎనిమిదింటికి క్యారియర్ పట్టుకుని సనత్‌నగర్ కంపెనీకి వెళ్ళేవారు. సాయంత్రం క్యారియర్ తెస్తే మూత తీయడానికి భయం, పప్పు ఎండి అట్టకట్టి ఉండేది. కడిగి తెమ్మని నాలుగేళ్ళు పోరాను. ఒకరోజు కడిగి తెచ్చారు. మర్నాడూ అంతే. మూడో రోజు తళతళా మెరుస్తూ, మట్టితో తోమినట్టు. నాకు గుండెలో రాయి పడింది. భోజనం గంటలో అంత తీరిక ఎక్కడిదీ ఈయనకి?

అడగలేదు. వారం తర్వాత న్యూస్‌పేపర్లో చుట్టి నాలుగు మొక్కలు తెచ్చారు, టమాటా నారు. "ఎక్కడివి?" "దార్లో ఒకాయన ఇచ్చాడు." చెప్పులకి ఎర్రమట్టి. డాల్డా డబ్బాలకి అడుగున మేకుతో చిల్లులు కొట్టి నాటారు. మర్నాటి నుంచి క్యారియర్‌లో రెండు రొట్టెలు ఎక్కువ పెట్టా, ఆ ఒకాయన ఎవరైనా సరే తింటాడని. తిన్నాడు కూడా. పబ్లిక్ గార్డెన్‌లో మాలి అట, తర్వాత తెలిసింది. ఒకటో తారీఖున జీతం తెచ్చి చేతిలో పెట్టారు, నేను లెక్కపెట్టి బీరువాలో పెట్టా. రెండో నెలా అంతే. ఆ మొక్కకి మొదటి కాయ పండిన రోజు దాన్ని నాలుగు ముక్కలు కోసి, ఉప్పు చల్లి, నా ముందు పెట్టి, "కంపెనీ మూసేసి రెండు నెలలైంది" అన్నారు. "తెలుసు. ఉప్పు తక్కువైంది" అన్నా.

ఇంతకీ ఆ జీతం డబ్బులు పద్మత్త వాళ్ళాయన దగ్గర అప్పు. అంటే పద్మకి మొదటి రోజునే తెలుసు. నాకు అప్పుడు కోపమొచ్చింది ఉద్యోగం పోయినందుకు కాదు. ఈ ఇంట్లో ఏది జరిగినా ముందు పద్మకి తెలియడమేంటి? అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

పోనీలే. నీ బాల్కనీకి తూర్పు ఎండ ఆరు గంటలు తగులుతుందన్నావు, సరిపోతుంది. ఈ కవర్లో పోయిన కాపు పూసా రూబీ గింజలు పెట్టా. పండు గుజ్జుతో పాటు గ్లాసులో రెండ్రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టినవి. అర్క రక్షక్ గింజ దాచలేదు, హైబ్రిడ్ గింజ తల్లిలా రాదు. పన్నెండు అంగుళాల కుండీ తీసుకో, చిన్నదాంట్లో వేసి వేరుని ఉక్కిరిబిక్కిరి చేయకు. ఒకరోజు మర్చిపోయి ఒకరోజు బకెట్ పోస్తే కాయ అడుగు నల్లబడుతుంది. దానికి పద్మత్త గుడ్డు పెంకులు వేయమంటుంది, అవి కరిగి మట్టిలో కలిసేసరికి కాపు అయిపోతుంది. నీళ్ళు సమంగా పొయ్యి. పూత వచ్చాక పొద్దున పదింటికి కొమ్మని వేలితో మెల్లగా తట్టు, పుప్పొడి రాలుతుంది. పదింటికి ఇంట్లో ఉంటావా లేదా అనేది నీకే తెలియాలి.

ఇంకోటి. టమాటాలు ఫ్రిజ్‌లో పెట్టకు. పన్నెండు డిగ్రీల కిందికి పోతే వాసన చచ్చిపోతుంది. దసరాకి చూశా నీ చెంపలు, రాత్రిళ్ళు తింటున్నావా? తలకి నూనె పెట్టుకో. కాచిగూడ నుంచి వందేభారత్ ఉందటగా, మీ నాన్న రేపే టికెట్ తీసుకుంటానన్నారు. నేనే వద్దన్నా, చెప్పకుండా దిగితే నీకు నచ్చదు. అద్దె సంగతి ఏదైనా ఉంటే నాకు చెప్పు. శ్రీధర్‌కి కాదు.

పార్శిల్‌లో టమాటా నిల్వ పచ్చడి వస్తుంది. మన కాయలు చాలలేదు, రైతుబజారువి అయిదు కిలోలు కలిపా. సీసా పగులుతుందని ఆ పాత క్యారియర్ నడిమి గిన్నెలో పెట్టి గుడ్డ కట్టా. చెరోకీ కాయలు నువ్వొచ్చేదాకా ఎవర్నీ కోయనివ్వను. గిన్నె వచ్చేటప్పుడు తీసుకురా. కడక్కపోయినా ఫర్వాలేదు.

ఇట్లు,
అమ్మ

తా.క.: ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించలేదు. తోట సంగతులు రాస్తున్నానని చెప్పా.