ఎంఎస్ స్టడీలో నాకు తోడుగా నిలిచిన వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. నేను పాల్గొన్న క్లినికల్ స్టడీలో నా మొదటి విడత పోయిన వారంతో ముగిసింది. ఈ కొన్ని నెలలు నన్ను నిలబెట్టిన వాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాలని ఉంది గానీ, రెండు ఫోన్లయ్యేసరికి ఓపిక అయిపోతోంది. అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. నాకు మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఎంఎస్) ఉంది. మెదడులో, వెన్నుపాములో నరాలను కప్పి ఉంచే మైలిన్ పొర మీద మన రోగనిరోధక వ్యవస్థే దాడి చేసే జబ్బు ఇది. నాకు ముందు కుడికన్ను మసకబారింది, రంగులు వెలిసిపోయినట్టు కనిపించేవి. ఎమ్మారై తీసి, వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశాక పేరు తెలిసింది. ఇప్పుడు ఆరు నెలలకోసారి ఆక్రెలిజుమాబ్ అనే మందు ఎక్కించుకుంటున్నాను. దాంతో ఎమ్మారైలో కొత్త మచ్చలు కనపడడం ఆగింది. అలసట మాత్రం ఆగలేదు. రాత్రంతా నిద్రపోయి లేచినా, పిల్లలకి లంచ్ బాక్సులు సర్దేసరికి ఒళ్లు ఇక కదలనంటుంది. పైకి చూస్తే ఏమీ కనపడదు కాబట్టి దీన్ని ఇంకొకరికి చెప్పి ఒప్పించడం చాలా కష్టం.

ఒప్పించక్కర్లేకుండానే నమ్మిన మనిషి మా న్యూరాలజిస్టు. ఇంకేదైనా మాత్ర ఉందా డాక్టర్ అని అడిగితే, రాసిచ్చి పంపేయకుండా ఉన్నదున్నట్టు చెప్పారు. ఎంఎస్ అలసటకి ఏళ్ల తరబడి ఇస్తూ వచ్చిన అమాంటడిన్, మొడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ మూడింటినీ అమెరికాలో 141 మంది మీద పరీక్షించారట. ఒక్కో మనిషికీ ఆ మూడు మందులూ, మందు లేని ఉత్తి మాత్రా వంతులవారీగా ఇచ్చారు. 2021లో ఫలితం వచ్చింది. మూడింట్లో ఏదీ ఉత్తి మాత్రని మించి పని చేయలేదు. "మీకు ఇవ్వడానికి నా దగ్గర గట్టి మందు లేదు, కానీ ఒక స్టడీ ఉంది" అన్నారు ఆవిడ. తన దగ్గర మందు లేదని పేషెంటుకి చెప్పగలిగిన డాక్టరు దొరకడం నా అదృష్టం.

ఆ స్టడీ టీడీసీఎస్ అనే పద్ధతి మీద. నుదుటి దగ్గర తడి స్పాంజీలు ఆనించి, పుర్రె మీదుగా చాలా సన్నని కరెంటు, 2 మిల్లీయాంపియర్లు, 20 నిమిషాల పాటు పంపుతారు. న్యూయార్క్‌లో ఎన్‌వైయూ లాంగోన్ పరిశోధకులు ఎంఎస్ ఉన్నవాళ్లకి దీన్ని ఇంట్లోనే, వీడియోలో చూస్తూ ఇచ్చే పద్ధతిని తయారుచేశారు. మాదీ అదే తరహా. ఇంట్లో కూర్చోబెట్టి చేయడం ఎంత మేలో ఎంఎస్ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. రోజూ ఆసుపత్రికి వెళ్లి రావడానికే ఒంట్లో ఉన్న శక్తంతా అయిపోతే ఇక వైద్యం దేనికి?

నా కోసం తెనాలి నుంచి అమెరికా వచ్చిన అమ్మకి మాత్రం గుండె జారింది. తలకి కరెంటు పెడతారా అని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తనకి తెలిసిన ఒకాయనకి పార్కిన్సన్స్‌కి హైదరాబాదులో డీబీఎస్ చేశారు. పుర్రెకి రంధ్రం చేసి లోపలికి ఎలక్ట్రోడు దించే ఆపరేషన్ అది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో డాక్టర్ బెనాబిడ్ బృందం మొదలుపెట్టిన ఆ పద్ధతి ఎంతోమంది వణుకుని తగ్గించింది. నాకూ అదే చేస్తారని అమ్మ భయం. స్టడీ కోఆర్డినేటర్ అమ్మాయి వీడియోలో అమ్మనీ కూర్చోబెట్టుకుని, ఇందులో కోత లేదని, చురుకుమనడం, దురద, ఒక్కోసారి తలనొప్పి రావచ్చని ఒక్కొక్కటీ చెప్పింది. నేను తెలుగులో చెబుతుంటే అమ్మ తిరిగి ప్రశ్నలు అడిగింది. ఒక్కదానికీ ఆ అమ్మాయి విసుక్కోలేదు. సంతకం పెట్టే ముందు మావారు సమ్మతి పత్రం అంతా చదివారు. మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మామూలు వైద్యానికి ఇబ్బంది రాదు అని అందులో స్పష్టంగా ఉంది.

రోజూ పొద్దున్నే ఆ అమ్మాయి వీడియోలోకి వచ్చేది. స్పాంజీలు సరిగ్గా తడిశాయా, పట్టీ సరైన చోట ఉందా అని చూసి ఆ రోజుకి ఒక కోడ్ ఇచ్చేది. అది కొడితేనే మెషిన్ మొదలవుతుంది. కరెంటు నడిచేంతసేపూ నేను కంప్యూటర్లో ఏకాగ్రత కోసం ఇచ్చిన ఆటలు ఆడాలి. అయ్యాక ఆ రోజు అలసట ఎంత ఉందో అంకెల్లో చెప్పాలి. పక్కనే కుర్చీలో అమ్మ.

విడత ముగిశాక చెప్పారు, నాది షామ్ గ్రూపు అని. అంటే ఉత్తుత్తి కరెంటు గ్రూపు. మొదట్లో, చివర్లో కొద్దిసేపు చురుకుమనేలా కరెంటు పెంచి దించేస్తారు, మధ్యలో ఏమీ ఉండదు. నాకే కాదు, ఆ అమ్మాయికీ అప్పటిదాకా తెలియదు. విన్నప్పుడు నాకు బాధేసింది, దాచను. ఎందుకంటే నా అలసట అంకెలు నిజంగానే కొంత తగ్గాయి. ఇంట్లో అందరం కరెంటు పని చేస్తోందనే అనుకున్నాం. రోజూ ఒకే వేళకి లేవడం, ఒకరు నా బాగోగులు అడగడం, ఆ ఆటలు, అమ్మ చేతి వంట, వీటిలో ఏది మేలు చేసిందో గానీ ఆ తేలికదనం నిజం. దాన్ని కరెంటు ఖాతాలో వేయకుండా ఆపింది ఈ షామ్ పద్ధతే. ఇదే మెషిన్ నేను ఆన్‌లైన్లో కొనుక్కుని ఉంటే ఈపాటికి పదిమందికి కొనమని చెప్పేదాన్ని. దయచేసి ఎవరూ అలా కొని తలకి పెట్టుకోకండి. మా స్టడీ ఫలితాలు ఇంకా రాలేదు.

ఇందులో పాల్గొన్న మిగతావాళ్లెవరో నాకు తెలియదు, వాళ్లందరికీ నా నమస్కారం. అంతకు ముందు తరాల వాళ్లకి కూడా. ఎంఎస్‌కీ ఎప్‌స్టీన్-బార్ వైరస్‌కీ ఉన్న లింకు 2022లో గట్టిగా తేలిందంటే, కోటి మందికి పైగా అమెరికా సైనికుల వివరాలు, వాళ్ల నుంచి ఏళ్ల తరబడి తీసి దాచిన రక్త నమూనాలు ఉండబట్టే. ఆ వైరస్ సోకాక ఎంఎస్ ముప్పు 32 రెట్లు పెరిగిందని హార్వర్డ్ వాళ్లు చూపించారు. రక్తం ఇచ్చిన రోజున అది నాలాంటి వాళ్లకి పనికొస్తుందని ఆ సైనికులు అనుకుని ఉండరు.

విజయవాడలో ఉండే అక్కా, నీకెలా థ్యాంక్స్ చెప్పను? నాకంటే చాలా ముందు నుంచీ ఎంఎస్‌తో ఉన్నావు, రోహిణి కార్తె ఎండల్లో కూడా. ఒళ్లు వేడెక్కితే పాత లక్షణాలు తిరగబెడతాయని, అది కొత్త ఎటాక్ కాదని, చల్లబడగానే సర్దుకుంటుందని చెప్పింది నువ్వే. మెడ మీద తడి తువ్వాలు, పొయ్యి దగ్గర పనులన్నీ పొద్దున్నే, వేడినీళ్ల స్నానం వద్దు. ఇవన్నీ ఈ జులైలో నన్ను కాపాడాయి. నువ్వు వాడే రిటుక్సిమాబ్‌ని 2023లో డబ్ల్యూహెచ్‌ఓ ఎంఎస్‌కి అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చిందని తెలిసినప్పుడు ముందు నువ్వే గుర్తొచ్చావు.

ఇండియాలో ఎంఎస్‌తో ఉన్న మిగతావాళ్లకీ ఒక మాట. ఎంఎస్ 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది, సర్టిఫికెట్‌కి అప్లై చేసుకోవచ్చు. మల్టిపుల్ స్క్లిరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా 1985 నుంచి పని చేస్తోంది, ఒకసారి మాట్లాడండి. ఎవరైనా స్టడీలో చేరమంటే సీటీఆర్‌ఐ (ఇండియాలో జరిగే క్లినికల్ స్టడీల రిజిస్ట్రీ) వెబ్‌సైట్లో అది రిజిస్టర్ అయిందో లేదో చూడండి, డబ్బు కట్టమంటే ఆలోచించండి.

ఇక్కడ న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పిల్లల్ని స్కూల్ బస్సు దగ్గర దించిన వదినలకి, ఎమ్మారైకి తీసుకెళ్లిన తమ్ముడికి, అడక్కుండానే పప్పు, కూర గిన్నెలు గుమ్మంలో పెట్టి వెళ్లిన వాళ్లకి రుణపడి ఉంటాను. షామ్ గ్రూపు వాళ్లకి కూడా అసలు కరెంటుతో సెషన్లు ఇస్తామన్నారు. నావి సోమవారం మొదలవుతాయి. మళ్లీ మీ సాయం కావాలి, ముందే అడుగుతున్నాను.

నాన్నగారూ, ఈ వయసులో మీరు ఒక్కరే వండుకు తిని, బీపీ మాత్రలు మీరే గుర్తుపెట్టుకుని వేసుకుని, ఇన్ని నెలలు అమ్మని నా దగ్గర ఉంచారు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, మీరూ చెప్పలేదు. అమ్మ ఇరవయ్యో తారీఖున బయల్దేరుతోంది. మందుల సంచిలో మీకు కొత్త బీపీ మెషిన్ పెట్టాను, రోజూ చూసి నాకు వాట్సాప్ చేయండి.