ఇంట్ల పీట మీద దీపం పెట్టుకుంటే క్షుద్రపూజ ఎట్లయితది?

ఎడిటర్ గారికి నమస్తే,

నేను హన్మకొండల ఉంటా, ఒక ల్యాబ్‌ల పని చేస్తా. పోయిన ఎండాకాలం నేనూ అమ్మా ఉన్న ఇల్లు ఖాళీ చేయాల్సొచ్చింది, కారణం నా రూంల మూలకున్న ఒక చెక్క పీట. కిటికీ తీసి ఉన్నప్పుడు ఎవరో ఫోన్‌ల ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపుల పెట్టిన్రు, కింద "క్షుద్రపూజలు" అని రాసిన్రు. తెల్లారి ఓనర్ అంకుల్ వచ్చి నెల టైం ఇస్తున్నమ్మా అన్నడు, అమ్మ ఎంత చెప్పినా ఇనలేదు. ఆ "క్షుద్రపూజలు" అనే మాట పేపర్లల్ల హెడ్డింగులల్ల కూడా తరచు చూస్తున్న, అందుకే రాస్తున్న.

నేను పాటించేది విక్కా అనే మతం. పాతదేం కాదు, ఇంగ్లండ్‌ల మంత్రవిద్య మీద ఉన్న 1735 నాటి చట్టం 1951ల రద్దయింది, తర్వాత 1954ల జెరాల్డ్ గార్డ్నర్ అనే ఆయన పుస్తకం రాస్తే అప్పుడు లోకానికి తెలిసింది. ప్రకృతినే దేవతగా దేవుడిగా కొలుస్తం, సైతాన్ అనేటోడు ఇందుల లేనే లేడు. ఏడాదికి 8 పండుగలు, అన్నీ సూర్యుడి లెక్కన, కాలాల లెక్కన వస్తయి. ఎవ్వరికీ కీడు చెయ్యకుండ నీకు తోచింది చేసుకో అనేదే మూలమైన మాట. మాకు ఊరూరికి గుళ్లు లేవు, ఒక్కరే ఇంట్ల చేసుకునేటోళ్లు చాలామంది, కాబట్టి ఇంట్ల జాగ సిద్ధం చేసుకునుడే సగం పూజ.

నా పీట చిన్నప్పుడు మా అమ్మమ్మ బొడ్డెమ్మ చేసి పెట్టిన పీట. పుట్టమన్ను తెచ్చి దాని మీద అంతస్తులు అంతస్తులుగా మెత్తి పూలు గుచ్చేది, ఇప్పటికీ ఒక మూలకు ఆ మన్ను మరక పోలేదు, నేను కూడా గీకలేదు. దాని మీద ఉత్తరం దిక్కు భూమి, అంటే చిన్న గిన్నెల దొడ్డుప్పు, కాళేశ్వరం పోయినప్పుడు గోదావరి ఒడ్డున ఏరుకున్న ఒక గుండ్రాయి. తూర్పు గాలికి, అక్కడ అగరుబత్తి, బాల్కనీల దొరికిన పావురం ఈక. దక్షిణం అగ్ని. అందరూ క్యాండిల్ పెడ్తరు కానీ మన మే నెలకు అది మెత్తబడి నిలబడ్డ కాడ్నే వంగిపోయింది, అప్పటిసంది మట్టి ప్రమిదల నువ్వుల నూనె పోసి ఒత్తి వేస్తున్న, ఒత్తి మాత్రం అమ్మనే చేస్తది, అరచేతిల పత్తి పెట్టి ఒక్కసారి రుద్దితే అయిపోతది ఆమెకు, నాకింకా రాదు.

పడమర నీళ్లు పెట్టాల్నంటరు. ఇక్కడ నేను చాన్నాళ్లు ఆలోచించిన, ఎందుకంటే ఈ దిక్కులు ఇంగ్లండ్‌కు సరిపోతయి, వాళ్లకు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణానుంటడు, మహాసముద్రం పడమరనుంటది. ఆస్ట్రేలియాల చాలామంది అగ్నిని ఉత్తరానికి మార్చుకున్నరు, డిసెంబర్‌ల చేసే యూల్ పండుగను జూన్‌ల చేస్తరు, వాళ్లకు చలికాలం అప్పుడే కాబట్టి. మరి నా నీళ్లు ఏ దిక్కున్నయి? భద్రకాళి చెరువు ఎటుంటే అటు గిన్నె జరిపిన. అప్పటిసంది ఆ పీట నాది అనిపించింది.

పూజకు ముందు ఊడుస్తా, ఉప్పునీళ్లు చల్లుతా, సూర్యుడు తిరిగే తీరుగ ఒక చుట్టు తిరిగి వలయం గీసుకుంటా, మనం గుళ్లె ప్రదక్షిణం చేసినట్టే. అయిపోయినంక ఎదురు తిరిగి విప్పేస్తా. దీనికి కొందరు నల్లపిడి కత్తి వాడ్తరు, దాంతోని ఏదీ కోయరు, వలయం గీయడానికే. నేను కత్తి పెట్టలేదు, వేపపుల్ల పెట్టుకున్న, అదీ చెల్లుతది. ఫోటోల అందరు భయపడ్డది మధ్యల ఉన్న చుక్కను చూసి, గుండ్రం లోపల ఐదు మూలల నక్షత్రం గుర్తు. నాలుగు మూలలు భూమి, గాలి, అగ్ని, నీళ్లు, ఐదోది ఆత్మ. 2007ల అమెరికా ప్రభుత్వం చనిపోయిన విక్కన్ సైనికుల సమాధిరాళ్ల మీద ఇదే గుర్తు చెక్కడానికి ఒప్పుకున్నది.

అక్టోబర్ 31న సావిన్ అనే పండుగకు పోయినోళ్లను యాది చేసుకుంటం, మనకు పెత్రమాస ఉన్నట్టు. ఆ రోజు మా నాయిన ఫోటో, ఆయన చాయ్ గ్లాసు పీట మీదికొస్తయి, నిండ చాయ్ పోసి పెడ్తం. ఇది క్షుద్రమా సార్? పూలను పేర్చి అమ్మ అని మొక్కి చెరువుల కలిపే ఊరు మనది, మేడారంల విగ్రహం లేకుండనే చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణ రూపంల వచ్చే సమ్మక్కకు బెల్లం ఎత్తిచ్చే జనం మనం, రాయీ పువ్వూ నీళ్లూ దేవుడైతయని మనకు ఒకరు చెప్పాల్నా.

నాకు ఇల్లే పోయింది, వేరేటోళ్లకు ప్రాణాలు పోయినయి. 2022 జనవరిల జగిత్యాలల మంత్రాలు చేస్తున్నరనే అనుమానంతోని తండ్రిని, ఇద్దరు కొడుకులను చంపేసిన్రు. మన దిక్కు చేతబడి, బాణామతి అనే మాటలకు అంత బలముంది. మంత్రాల పేరు చెప్పి పైసలు గుంజేటోళ్ల మీద, ఆడోళ్లను మోసం చేసేటోళ్ల మీద మీరు రాయాల్సిందే, మహారాష్ట్ర 2013ల, కర్ణాటక 2017ల చట్టాలు చేసినయి, అసొంటిది మనకూ గట్టిది కావాల్నని నేనూ అంటా. కానీ ఇంట్ల ఎవరికీ ఏం చెయ్యకుండ దీపం పెట్టుకున్న మనిషిని అదే మాటతోని పిలువొద్దు.

ఇప్పుడున్న ఇంటి ఓనరమ్మకు అడ్వాన్స్ ఇయ్యకముందే పీట చూపించి అంతా చెప్పిన. ఆమె ఎక్కువేం అడగలేదు, కర్టెన్‌కు అంటుకుంటదేమో దీపం జర ఇటు జరుపు బిడ్డా అన్నది, జరిపిన. ఈసారి అసొంటి ఫోటో మీ ఆఫీసుకొస్తే, అచ్చేసే ముందు ఆ ఇంటోళ్లను ఒక్క మాట అడగమని మీ రిపోర్టర్లకు చెప్పండి సార్.

ఇట్లు
ఒక పాఠకురాలు, హన్మకొండ