రంది దింపుకునే పది నిమిషాలు: మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2025-26

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

నల్లా నీళ్లు, వీధి దీపాలు, కాలువల పూడికతీత, కమ్యూనిటీ హాలు రంగుల పని, వీటన్నిటి వివరాలు కోశాధికారి గారి జమాఖర్చుల పట్టికతో కలిపి విడిగా ఇంటింటికీ పంచాం. వాటి మీద చర్చ సర్వసభ్య సమావేశంలో ఉంటుంది. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఒక్క పనికే ఇస్తున్నాను. రోజువారీ టెన్షన్‌ను తగ్గించుకునే చిన్న చిన్న పద్ధతులను అందరం కలిసి నేర్చుకోవడం ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టి, మధ్యలో వదలకుండా నడిపిన పని.

హనుమకొండలోని మన కాలనీలో ఎవరెవరున్నారో మీకు తెలుసు. కాజీపేట రైల్వేలో నైట్ డ్యూటీలు చేసేవాళ్లు, ఎనుమాముల మార్కెట్లో హమాలీలు, గుమాస్తాలు, ఆసుపత్రుల్లో పన్నెండు గంటలు నిలబడే నర్సులు, టీచర్లు, పిల్లల చదువు కోసం ఊళ్లో పొలం కౌలుకిచ్చి ఇక్కడ అద్దెకుంటున్నవాళ్లు. నల్లా బిల్లు కట్టడానికి ఆఫీసుకు వచ్చినా, చందా ఇవ్వడానికి వచ్చినా చివరికి మాట అక్కడికే వచ్చేది. నిద్ర పడతలేదు, మెడలు పట్టేసినయ్, చిన్నదానికే పిల్లల మీద అరుస్తున్నా. కాలువ పూడిక తీయించడం సంఘం బాధ్యత అయినప్పుడు ఇది మాత్రం ఎందుకు కాదని కార్యవర్గంలో ఒక అక్క అడిగారు. ఎవరి దగ్గరా కాదనడానికి కారణం లేదు.

జూన్ 21న మొదలుపెట్టాం. ఐక్యరాజ్యసమితి 2014లో ఆ తేదీని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించింది, 2015 నుంచి ఏటా జరుపుకుంటున్నాం. ఆ ఒక్కరోజు చాపలేసి, ఫోటోలు దిగి ఇంటికి పోవడం మాకు ఇష్టం లేదు. అందుకే ఆ రోజే చెప్పాం, ఆసనాలు రాకపోయినా ఫర్వాలేదు, కింద కూర్చోలేకపోయినా ఫర్వాలేదు, ప్రతి ఆదివారం సాయంత్రం హాల్లో కుర్చీలు వేసి ఉంటాయని. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మలు మొదటి వారం నుంచే వచ్చారంటే ఆ కుర్చీల వల్లే. కాలనీలోనే ఉండే ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు, ఒక స్టాఫ్ నర్సు ఈ తరగతులు నడిపారు. ఇద్దరూ రూపాయి తీసుకోలేదు. వారికి సంఘం రుణపడి ఉంది.

మొదటి తరగతిలో నర్సు గారు ఉపన్యాసం ఇవ్వలేదు. ఎడమ మణికట్టు మీద, బొటనవేలి కింది భాగంలో, కుడిచేతి రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకోమన్నారు. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చమన్నారు, ఇంకా నెమ్మదిగా వదలమన్నారు. పీలుస్తున్నప్పుడు నాడి కాస్త వేగంగా, వదులుతున్నప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. ఇంటర్ చదివే పిల్లలకు ఆ తేడా వెంటనే దొరికింది, కళ్లు పెద్దవి చేసుకుని ఒకరి చెయ్యి ఒకరు పట్టి చూసుకున్నారు. వయసు పైబడినవాళ్లలో ఈ తేడా తక్కువగా ఉంటుంది కాబట్టి మాలాంటివాళ్లకు అంత తేలిగ్గా దొరకలేదు.

టెన్షన్ పడ్డప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, కండరాలు బిగుసుకుంటాయి, తిన్నది సరిగా అరగదు. దడ తగ్గమని గుండెకు మనం చెప్పలేం. ఊపిరి మాత్రం మన చేతిలో ఉంది. మెదడు నుంచి గుండె మీదుగా పేగుల దాకా పోయే వేగస్ నరం, ఊపిరి వదిలే సమయంలో గుండెను నెమ్మదింపజేస్తుంది. అందుకని వదిలే సమయాన్ని పొడిగిస్తే చాలు. నాలుగు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. అట్లా నిమిషానికి ఆరు ఊపిర్లు అవుతాయి. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుంటే, పీల్చినప్పుడు పొట్ట పైకి లేవాలి, భుజాలు లేవకూడదు. ఐదు నిమిషాలు చాలు. తల తిరిగినట్టనిపిస్తే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోవాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరి బిగబట్టే పద్ధతుల జోలికి, కపాలభాతి లాంటి వేగమైనవాటి జోలికి డాక్టర్ని అడగకుండా పోవద్దు. అందరూ వచ్చే ఆదివారం తరగతుల్లో అవి పెట్టలేదు, ఇకముందు కూడా పెట్టం.

ఫోన్లో చూసిన కొత్త కొత్త పద్ధతులన్నీ నేర్పమని కొందరు సభ్యులు గట్టిగానే అడిగారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఏడాది పొడుగునా చూసినదాన్ని బట్టి, ఒకే ఒక్కటి పట్టుకుని రోజూ చేసినవాళ్లే మార్పు ఉందని చెబుతున్నారు. అది కూడా తాము పనిచేసే చోటే చేసుకోగలిగినవాళ్లు. ఒక నర్సు చెల్లె వార్డులో చేతులు కడుక్కున్న ప్రతిసారీ రెండు పొడుగాటి ఊపిర్లు వదలడం అలవాటు చేసుకుంది. ఆమె విడిగా టైం కేటాయించుకోలేదు. చేతులు కడగడం ఎటూ తప్పదు కదా.

అయితే అందరికీ ఊపిరే దారి అనుకుంటే పొరపాటే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మార్కెట్‌కు మిర్చి పోటెత్తుతుంది. యార్డులో పనిచేసే ఒక హమాలీ అన్న నిలబడి, "ఆ ఘాటుల ఊపిరి పీల్చుమంటే ఎట్ల సార్? దగ్గే గద వచ్చేది" అన్నాడు. న్యాయమైన మాట. అతని లాంటివాళ్ల కోసం వ్యాయామ మాస్టారు కండరాలను వదులు చేసే పద్ధతి నేర్పారు. అమెరికా డాక్టర్ ఎడ్మండ్ జాకబ్సన్ 1920లలో అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. బిగించి వదిలిన కండరం అంతకుముందుకన్నా వదులవుతుంది, ఏది బిగువో ఏది వదులో మనకే తెలిసొస్తుంది. పాదాలతో మొదలుపెట్టి పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్లు, భుజాలు, చివరికి ముఖం. ఒక్కో చోట ఐదు సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేసి, పదిహేను ఇరవై సెకన్లు ఆ వదులును గమనిస్తూ ఉండాలి. పూర్తి బలంతో బిగించాల్సిన పనిలేదు, పిక్కలను మరీ బిగిస్తే కొంకర్లు పోతాయి. ఆపరేషన్ అయినవాళ్లు, నొప్పి ఉన్నవాళ్లు ఆ భాగాన్ని వదిలేయాలి. బస్తాలు మోసి వచ్చిన భుజాలను చెవుల దాకా ఎత్తి వదిలినప్పుడు ఆ అన్న ముఖం చూడాల్సింది. పగటి విరామంలో బస్తాల మీద వెనక్కి ఆనుకుని, తోటివాళ్లతో కూడా చేయిస్తున్నాడిప్పుడు.

అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానకు వరంగల్, హనుమకొండలో ఎన్ని కాలనీలు నీళ్లలో ఉన్నాయో మర్చిపోలేం. 2023 జూలై వరదలు చూసినవాళ్లకు ఆ బుగులు మళ్లీ లేచింది. నీళ్లు పోయాక కూడా రాత్రి వాన చప్పుడు వింటే లేచి కూర్చుంటున్నామని, సామాను పైకెక్కిస్తున్నామని చాలామంది చెప్పారు. అలాంటి వేళ కళ్లు మూసుకోమంటే భయం ఇంకా పెరుగుతుంది. అందుకే తుఫాను తర్వాత రెండు నెలలు కళ్లు తెరిచి చేసే పద్ధతే చేయించాం. కంటికి కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పాలి. చేతికి, కాలికి తగిలేవి నాలుగు, వినిపించే చప్పుళ్లు మూడు, వాసనలు రెండు, నోటి రుచి ఒకటి. మనసు జరగబోయేదాని మీద నుంచి ఉన్న చోటికి వస్తుంది. ఒక పెద్దమ్మ తన వరుసను మాకు చెప్పింది: గోడ గడియారం, దేవుడి పటం, మనవడి బ్యాగు, గొళ్లెం, తన చేతి గాజులు. లేచి లైటేసి, నేల పొడిగా ఉందో లేదో పాదంతో తడిమి చూసుకుని, ఈ ఐదూ పలికి పడుకుంటుందట. నేల తడిసినా ఎవరిని లేపాలో తెలియాలని, ఆ వీధిలో రాత్రిపూట ఫోన్ ఎత్తే ముగ్గురి నంబర్లు గోడకు అంటించాం. భయానికి నిజమైన కారణం ఉన్నప్పుడు ఊపిరితో సరిపెట్టకూడదు, ఆ కారణం సంగతి కూడా చూడాలి. నాలా పూడిక విషయం మున్సిపల్ కార్పొరేషన్‌కు మళ్లీ రాతపూర్వకంగా ఇచ్చాం.

బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆదివారం తరగతి పెట్టలేదు, అవసరమూ పడలేదు. చప్పట్లు, అడుగులు ఒకే లయలో పడుతుంటాయి, పాట అందుకుని పొడుగ్గా పాడేటప్పుడు ఊపిరి దానంతటదే నిదానంగా బయటికి పోతుంది, పక్కన మనుషులుంటారు. ఏడాదంతా ముఖం చూపించని కోడళ్లు కూడా ఆ సాయంత్రాలు నవ్వుతూ కనిపించారు. దీన్ని చూశాకే, వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున నడిచేవాళ్లను ఒంటరిగా కాకుండా జట్టుగా పొమ్మని కోరాం.

ఇంటర్ పరీక్షల ముందు పిల్లలకు విడిగా చెప్పించాం. పేపర్ చేతికి అందగానే కళ్లముందు అంతా తెల్లగా అయిపోయే పిల్లలకు, నాలుగు లెక్కల్లో పీల్చి, నాలుగు ఆపి, నాలుగులో వదిలి, నాలుగు ఆగే పద్ధతి పనికొస్తుంది. నాలుగు సార్లు చేయడానికి ఒక నిమిషం పైన కొద్దిగా పడుతుంది. తల్లిదండ్రులకు మాత్రం ఒక మాట: పిల్లవాడికి ఊపిరి పద్ధతి నేర్పించి, ఇంటికి రాగానే "ఎన్ని మార్కులొస్తయ్?" అని అడిగితే నేర్పింది ఏం మిగులుతుంది?

మగవాళ్లు తక్కువగా వస్తున్నారు. టెన్షన్ తగ్గడానికే రెండు పెగ్గులు వేస్తున్నామనే మాట వింటున్నాం. తాగితే నిద్ర తొందరగా పట్టవచ్చు, కానీ తెల్లవారుజామున మెలకువ వస్తుంది, పొద్దున్నే కంగారు రెట్టింపవుతుంది. చాయ్ సంగతి కూడా అంతే. చాయ్‌లోని కెఫిన్ ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం తర్వాత చాయ్ మానేస్తే రాత్రి నిద్రలో తేడా తెలుస్తుంది.

ఈ పద్ధతులు రోజువారీ ఒత్తిడికి. ఛాతీ నొప్పి, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు ఉంటే ఊపిరి లెక్కపెడుతూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, నిద్ర లేకపోతే, బతకాలని లేదనే మాట ఇంట్లో ఎవరి నోటైనా వస్తే డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మానసిక ఆరోగ్య సహాయం కోసం 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబర్ హాలు తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించాం.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు సభ్యుల ముందు పెడుతున్నాం. నైట్ డ్యూటీ రైల్వే ఉద్యోగుల కోసం మధ్యాహ్నం పూట ఒక తరగతి, మిర్చి సీజన్‌కు ముందే హమాలీల కోసం డిసెంబర్‌లో ఒక శిక్షణ. మధ్యాహ్నం తరగతికి హాలు తాళం తీసి, కుర్చీలు వేసే బాధ్యత తీసుకోగలిగినవాళ్లు సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శికి పేరు ఇవ్వగలరు.