నాబ్ చివరికి తిప్పితే పట్టు పెరగదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ మోటారు పేజీలో అడ్జస్టబుల్ షాక్ అబ్జార్బర్ల మీద, అంటే నాబ్ తిప్పి గట్టిగా గానీ మెత్తగా గానీ మార్చుకునే షాక్స్ మీద వచ్చిన వ్యాసం చదివాను. భాష తేలిగ్గా ఉంది, ఫొటోలు బాగున్నాయి. కానీ అందులో ఒక మాట చదివినప్పటి నుంచి మనసు కుదుటగా లేదు. చిన్న స్పోర్టీ కారు మలుపుల్లో రోడ్డును వదలకుండా ఉండాలంటే నాలుగు నాబ్‌లనూ గట్టి వైపు చివరిదాకా తిప్పేయమని రాశారు. ఇది తప్పు. అచ్చుతప్పులాంటి చిన్న తప్పు కాదు, మనుషులకు దెబ్బలు తగిలే తప్పు. ఒకప్పుడు అదే మాట నమ్మి కారు నడిపినవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది మాజ్దా ఎంఎక్స్-5, 1989లో మొదలైన మొదటి తరం కారు. రెండే సీట్లు, బరువు వెయ్యి కిలోల లోపే, ఇంజన్ ముందు ఉంటే తోసేది వెనక చక్రాలు. పాత షాక్స్ నుంచి ఆయిల్ కారుతుంటే తీసేసి అడ్జస్టబుల్‌వి వేయించాను. ఒక్కోదాని తల మీద ఒక నాబ్, మొత్తం 20 క్లిక్‌లు. బిగించిన మెకానిక్ నాలుగింటినీ పూర్తిగా గట్టికి తిప్పి, "ఇక బండి రోడ్డుకు అతుక్కుపోతుంది సార్" అన్నాడు. మొదటి వారం నాకూ అలాగే అనిపించింది. నున్నటి రోడ్డు మీద స్టీరింగ్ కాస్త కదిపితే చాలు, కారు వెంటనే తిరిగేది.

ఆ తర్వాత ఒక సాయంత్రం వాన వెలిశాక మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని వస్తున్నాను. రోజూ వెళ్లే మలుపే, రోజూ వెళ్లే వేగమే. ఆ మలుపు మధ్యలో రోడ్డు అలలు అలలుగా ఉంటుంది, వరసగా మూడు నాలుగు ఎత్తుపల్లాలు. రెండో పల్లం దాటామో లేదో కారు వెనక భాగం పక్కకు జారిపోయింది. సర్దుకునే వ్యవధి లేదు. సగం చుట్టు తిరిగి, వచ్చిన దారి వైపు ముఖం పెట్టి, రోడ్డు అంచున ఆగింది. ఎదురుగా ఏ బండీ రాలేదు, అందుకే ఇద్దరం బయటపడ్డాం. అమ్మాయి చాలాసేపు సీటు బెల్టు రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుంది. ఆ చేతులు నాకు ఇప్పటికీ గుర్తే.

టైర్లు కొత్తవి, గాలి సరిగ్గానే ఉంది. మరి ఎందుకు జారింది? ఆ ప్రశ్న పట్టుకుని షాక్ అబ్జార్బర్ అసలు ఏం పని చేస్తుందో మొదటి నుంచి నేర్చుకున్నాను. కారు బరువు మోసేది స్ప్రింగ్. షాక్ చేసేది ఆ స్ప్రింగ్ ఊగకుండా ఆపడం. లోపల పిస్టన్ ఆయిల్‌లో కదులుతూ, సన్నని దారుల గుండా ఆయిల్‌ను నెడుతూ, ఊపును వేడిగా మార్చేస్తుంది. గతుకుల రోడ్డు మీద పది నిమిషాలు నడిపి షాక్ మీద చెయ్యి పెడితే ఆ వెచ్చదనం తెలుస్తుంది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, పిస్టన్ కదిలినప్పుడే షాక్‌కు బలం ఉంటుంది. కదలిక ఆగితే నాబ్ ఎక్కడున్నా ఒకటే.

నాబ్ గట్టిగా ఉంటే మలుపులో కారు ఒరగదన్న మీ వ్యాసంలోని మాట ఇక్కడే పొరపాటు. పొడవాటి మలుపులో కారు ఒక పక్కకు ఒరిగి స్థిరపడ్డాక షాక్ ఏమీ చేయడం లేదు. ఎంత ఒరగాలో తేల్చేది ముఖ్యంగా స్ప్రింగులు, ఎడమ కుడి చక్రాలను కలిపి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ అయిన యాంటీ రోల్ బార్. లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి ఎంత బరువు వెళ్తుందో తేల్చేవి కారు గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మనం వెళ్లే వేగం, మలుపు వంకర. షాక్ గట్టి చేస్తే ఒరగడం నెమ్మదిగా జరుగుతుంది, బరువు ఏ చక్రం మీదికి ఎంత త్వరగా వెళ్తుందో మారుతుంది. స్టీరింగ్ తిప్పిన మొదటి క్షణాల్లో, బ్రేక్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. డ్రైవరుకు చేతుల్లో కలిగే ఆ చురుకుదనాన్నే మనం పట్టు అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

నా షాక్స్‌లో నాబ్ ముఖ్యంగా మార్చేది రీబౌండ్‌ను, అంటే నొక్కుకున్న షాక్ తిరిగి సాగేటప్పటి గట్టితనాన్ని. ఒక్క నాబ్ ఉండే చాలా షాక్స్ ఇలాంటివే. రీబౌండ్ మరీ గట్టిగా ఉంటే ఏమవుతుందో చూడండి. చక్రం పల్లంలోకి దిగాలి, స్ప్రింగ్ కిందికి తోస్తుంది, షాక్ మాత్రం సాగనివ్వదు. చక్రం రోడ్డును చేరేలోపే తర్వాతి ఎత్తు వచ్చి దాన్ని మళ్లీ పైకి నెడుతుంది. వరసగా మూడు గతుకులు వస్తే ప్రతిసారీ కొంత కొంత లోపలికే ఉండిపోయి కారు కిందికి కూరుకుపోతుంది. చివరికి షాక్ పూర్తిగా నొక్కుకోకుండా అడ్డుపడే రబ్బరు దిమ్మను, అంటే బంప్ స్టాప్‌ను తాకుతుంది. అప్పుడు సస్పెన్షన్ ఒక్కసారిగా మొద్దుబారిపోతుంది, టైరు మీద బరువు కుదుపులుగా పడుతుంది. తడి రోడ్డు మీద, మలుపు మధ్యలో, తోసే చక్రాలకు ఇది జరిగితే నా కారు తిరిగినట్టే తిరుగుతుంది.

ఇది ఊహ కాదు. షాక్ రాడ్ చుట్టూ సన్నటి ప్లాస్టిక్ ట్యాగ్ ఒకటి కట్టి చూశాను. రాడ్ ఎంత లోపలికి వెళ్తే ట్యాగ్ అంత పైకి జరిగి అక్కడే ఉండిపోతుంది. నాబ్‌లను గట్టి సెట్టింగ్‌లోనే ఉంచి, పొడి రోడ్డు మీద, తక్కువ వేగంతో అదే అలల మీద వెళ్లొచ్చి చూస్తే వెనక రెండు ట్యాగ్‌లూ బంప్ స్టాప్ దగ్గరే ఉన్నాయి. అదే రోడ్డు, అదే వేగం, నాబ్ ఎనిమిది క్లిక్‌లు మెత్తగా చేస్తే ట్యాగ్ ఇంకా వేలెడు కిందే ఆగింది. మెత్తగా చేస్తే కారు తక్కువ కూరుకుపోవడం చూసి మొదట నమ్మలేకపోయాను. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

ఆ తర్వాత నాబ్‌లు తిప్పడంలో తొందర మానేశాను. తెల్లవారుజామున రద్దీ లేనప్పుడు ఒకే రోడ్డు, ఒకే వేగం. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకునేవాణ్ని, ఎందుకంటే గాలిలో చిన్న తేడా కూడా రెండు క్లిక్‌ల తేడాను కప్పేస్తుంది. షాక్స్ వేడెక్కేదాకా కొంత దూరం నడిపి అప్పుడు మొదలుపెట్టేవాణ్ని. నాబ్‌ను గట్టి వైపు సున్నితంగా చివరిదాకా తిప్పి, బలవంతం చేయకుండా, అక్కణ్ణుంచి వెనక్కి క్లిక్‌లు లెక్కపెట్టాలి. ఎడమ, కుడి ఎప్పుడూ సమానం. ఒకసారికి ముందు జత గానీ వెనక జత గానీ మార్చాలి, రెండూ కలిపి మారిస్తే ఏది ఏం చేసిందో తెలియదు. నోటు పుస్తకం మా అమ్మాయి పట్టుకునేది. ఆ సంఘటన తర్వాత మళ్లీ ఆ కారు ఎక్కుతుందని నేను అనుకోలేదు. "నాన్నా, నేను రాస్తాను, నువ్వు రోడ్డు చూడు" అని తనే వచ్చి కూర్చుంది.

పూర్తి మెత్త నుంచి, అంటే 20వ క్లిక్ నుంచి మొదలుపెట్టాం. ఎత్తు దాటాక కారు లేచి, దిగి, మళ్లీ లేచి, మళ్లీ దిగేది, పడవలో ఉన్నట్టు. రెండేసి క్లిక్‌లు గట్టి చేస్తూ వచ్చాం. వెనక 12 దగ్గర కారు ఒకసారి లేచి, దిగి, కుదురుకుంది. "ఇప్పుడు ఊగి ఆగిపోయింది నాన్నా" అని రాసుకుంది. 6 దగ్గర చిన్న గతుకులకు కూడా వెనక చక్రాలు టపటపలాడాయి, అద్దంలో వెనక బండ్లు అదిరిపోతూ కనిపించాయి. చివరికి ముందు 9, వెనక 12 దగ్గర ఆగాం. వానాకాలంలో వెనక ఇంకో మూడు మెత్త చేస్తాను. ఇవి నా కారుకు, నా స్ప్రింగులకు కుదిరిన అంకెలు. ఇంకొకరి కారులో పెట్టుకోవద్దు.

స్ప్రింగులు మార్చినవాళ్ల సంగతి వేరు కదా అని అడగవచ్చు. నిజమే, గట్టి స్ప్రింగ్‌కు గట్టి షాక్ కావాలి. కానీ అక్కడా లెక్క ఉంది. స్ప్రింగ్ గట్టితనం రెట్టింపైతే షాక్ గట్టితనం రెట్టింపు అక్కర్లేదు, సుమారు 1.4 రెట్లు చాలు, ఎందుకంటే అది వర్గమూలం లెక్కన పెరుగుతుంది. స్ప్రింగులే మార్చని మనకు చివరి క్లిక్‌తో ఏం పని?

ఆయిల్ షాక్స్ స్థిరపడక ముందు పాతకాలపు కార్లలో రాపిడి పలకల షాక్స్ ఉండేవి, మధ్యలో నట్టు బిగించి గట్టితనం మార్చేవారు. బాగా బిగిస్తే చిన్న గతుకులకు అసలు కదిలేవి కావు, కుదుపంతా నేరుగా కారుకు చేరేది. ఆ ఇబ్బంది తప్పించడానికే ఇంజనీర్లు ఆయిల్‌ను, సన్నని వాల్వులను ఆశ్రయించారు. నాబ్ చివరికి తిప్పడమంటే ఆ శ్రమంతా పక్కన పెట్టి వెనక్కి వెళ్లడమే.

మీ వ్యాసకర్త మీద నాకు కోపం లేదు. చాలా వర్క్‌షాపుల్లో చెప్పే మాటనే ఆయన రాశారు. కానీ వర్క్‌షాపులో అన్న మాట ఒక్కరికి చేరుతుంది, మీ పేజీలో అచ్చయిన మాట వేలమందికి చేరుతుంది. అందుకే వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే స్థలంలో సవరణ వేయమని కోరుతున్నాను. మెత్త వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కో క్లిక్ పెంచుతూ, కారు ఒక ఊపులో కుదురుకునే చోట ఆగమని రాస్తే చాలు. ఆయిల్ కారుతున్న షాక్‌కు ఏ క్లిక్కూ పనికిరాదని, ముందు దాన్ని మార్చమని కూడా రాయండి. గత ఆదివారం మీ వ్యాసం చదివి నాబ్‌లు చివరికి తిప్పినవాళ్లు ఎవరైనా ఉంటే, తడి రోడ్డు ఎదురుకాకముందే ఆ సవరణ వాళ్లకు చేరాలి.

ఇట్లు,
మీ పాఠకుడు