కాలి నొప్పులన్నీ నరాలవి కావు

సంపాదకులు గారికి,

నమస్కారం. గుండెపోటు గురించి మన పత్రికల్లో విరివిగా వ్యాసాలు వస్తున్నాయి, సంతోషం. అయితే గుండె రక్తనాళాలను పూడ్చే జబ్బే కాళ్ల రక్తనాళాలకూ వస్తుందనీ, దాన్ని నరాల బలహీనతగానో కీళ్లవాతంగానో పొరబడి కాలు పోగొట్టుకునేవారు ఉన్నారనీ చెప్పే మాట అంతగా కనిపించదు. మా ఇంట్లో జరిగిందే కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అన్నయ్యకు అరవై నాలుగేళ్లు. పదిహేనేళ్లుగా షుగరు ఉంది, చుట్ట అలవాటు అంతకన్నా పాతది. నిరుడు వేసవి నుంచి ఆయన బస్టాండుకు వెళ్లేలోగా మూడుచోట్ల ఆగేవారు. కుడి పిక్క పట్టేసేది. ఊరికే ఆగడానికి మొహమాటపడి, బడ్డీకొట్టు ముందు వేలాడే పత్రికల్లో శీర్షికలు చదువుతున్నట్టు నిలబడేవారు. రెండు మూడు నిమిషాల్లో నొప్పి పోయేది, మళ్లీ నడిచేవారు. చూపించుకున్న చోట ఏడు నెలలపాటు బీ కాంప్లెక్స్ సూదులు, నొప్పి బిళ్లలు ఇచ్చారు, నడుముకు ఎక్స్‌రే తీశారు. ఆ ఏడు నెలల్లో ఒక్కరూ ఆయన చేత చెప్పులు విప్పించలేదు. చివరకు బొటనవేలి పక్కన చెప్పు ఒరుసుకున్న పుండు నల్లబడ్డాక పెద్దాసుపత్రికి తీసుకెళితే, అక్కడి సర్జన్ గారు పాదం మీద రెండు వేళ్లు ఆనించి, కాసేపు కళ్లు మూసుకుని, ‘నాడి అందడం లేదండీ’ అన్నారు. అంత తేలికగా తెలిసే సంగతి అది.

గుండె నుంచి రక్తాన్ని తెచ్చే నాళం, అంటే ధమని, లోపలి పొర నున్నగా ఉన్నంతకాలం రక్తం సాఫీగా సాగిపోతుంది. పొగ, షుగరు, అధిక రక్తపోటు ఆ పొరను పాడుచేస్తూ వస్తే, చెడు కొలెస్టరాల్ దాని కిందికి చేరి, దాన్ని మింగడానికి వచ్చిన కణాలు కూడా అక్కడే చచ్చి పేరుకుని, పైన పీచులాంటి మూత కట్టి, ఏళ్లు గడిచేకొద్దీ నాళం ఇరుకవుతుంది. కూర్చున్నంతసేపూ ఆ ఇరుకుదారిన వచ్చే రక్తం పిక్కకు చాలుతుంది, నడక మొదలుపెడితే కండరానికి కావలసింది ఎన్నో రెట్లు పెరిగి చాలక పట్టేస్తుంది. వెన్నులో నరం నొక్కుకున్నవారికి నిలబడినంత మాత్రాన నొప్పి సాధారణంగా తగ్గదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి. ఈ తేడా అడిగి తెలుసుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఇక ఆ మూత ఎప్పుడైనా చిట్లితే ప్లేట్‌లెట్లు అక్కడ గుమిగూడి గడ్డ కడుతుంది. అది గుండెలో జరిగితే గుండెపోటు, మెదడులో జరిగితే పక్షవాతం. కాలిలో జరిగితే కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, మొద్దుబారుతుంది. అలాంటప్పుడు ఆరు గంటలు దాటితే కాలు దక్కడం కష్టమవుతుంది.

నేను లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆసుపత్రిలో నన్ను ఆశ్చర్యపరిచింది వాళ్లు చేసిన భాగహారం. చీలమండ దగ్గర పట్టీ కట్టి, పెన్నంత డాప్లర్ పరికరంతో నాడి చప్పుడు వింటూ కొలిచిన పై బీపీని, చేతి దగ్గరి పై బీపీతో భాగిస్తారు. అన్నయ్యకు చీలమండలో 90, చేతిలో 150, అంటే 0.6. ఒకటి, ఆ పైన కొంచెం ఉంటే మామూలు, 0.9 లేదా అంతకన్నా తక్కువైతే జబ్బున్నట్టు. షుగరు ముదిరినవారిలో నాళాలు సున్నం పట్టి గట్టిపడటం వల్ల లెక్క 1.4 దాటి తప్పుదారి పట్టించవచ్చు కనుక, వారికి కాలివేలి దగ్గర పీడనం కొలుస్తారు, లేదా డాప్లర్ స్కాన్ చేస్తారు.

అన్నయ్యకు తొడ ధమనిలో బెలూన్ వేసి దారి తెరిచారు. రెండు వేళ్లు పోయాయి, పాదం దక్కింది. బెలూన్ అనగానే మనకు గుండే గుర్తొస్తుంది గానీ, తీగ లాంటి గొట్టాలతో ఇరుకైన ధమనిని వెడల్పు చేసే ఈ వైద్యం మొదలైంది కాలితోనే. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే వైద్యుడు, కాలు తీయించుకోనని మొండికేసిన 82 ఏళ్ల ముసలమ్మకు తొలిసారి చేశారు. గుండెకు బెలూన్ వేసింది 1977లో, జ్యూరిక్‌లో. అయినా ముందే తెలిస్తే చాలామందికి అంతవరకూ రాదు. పొగాకు పూర్తిగా మానడం, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్, రోజుకో ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ బిళ్ల, నొప్పి వచ్చేదాకా నడిచి ఆగి మళ్లీ నడిచే సాధన చాలావరకు సరిపోతాయి. ఈ నడక మందుతో సమానమని మాకు చెప్పినవారు లేరు, నొప్పి అని ఆయన నడకే మానేశారు. ముప్పై, నలభై ఏళ్లకే బీడీ తాగేవారి వేళ్లను తినేసే బర్గర్ జబ్బు వేరే ఉంది, దానికి పొగాకు మానడం తప్ప జబ్బును ఆపే మందు లేదు.

రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిరల్లో గడ్డ కట్టడం ఇంకొక కథ. ఆపరేషన్ తర్వాతో, కాన్పు తర్వాతో, ఎక్కువ రోజులు మంచాన ఉన్నాకో ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే, తైలం పెట్టి మర్దనా చేయకూడదు. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడవచ్చు. అదే రోజు డాప్లర్ స్కాన్ చేయించాలి. దానికి హెపారిన్, వార్ఫరిన్ వంటి మందులు కనీసం మూడు నెలలు వాడతారు. వీటిని మనం ‘రక్తం పలుచన చేసే మందులు’ అంటాం గానీ, రక్తం పలచబడదు, గడ్డ కట్టే గుణం మందగిస్తుంది, అంతే. ఆస్పిరిన్ పనిచేసేది ప్లేట్‌లెట్ల మీద, వార్ఫరిన్ పనిచేసేది వేరేచోట. కనుక పక్కింటాయన బిళ్ల మనకు పనికిరాదు. వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మానక్కర్లేదు గానీ, ఒకవారం రోజూ తోటకూర తిని మరోవారం ముట్టకపోతే మందు లెక్క తప్పుతుంది.

ఊళ్లో ఆరోగ్య సిబ్బంది షుగరు, బీపీ చూసే రోజున, షుగరున్నవారి చేతా, పొగతాగేవారి చేతా చెప్పులు విప్పించి పాదాల నాడి కూడా చూడాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. కొందరికి పుట్టుకతోనే పాదం పైన నాడి అందదు కనుక చీలమండ లోపలి ఎముక వెనక కూడా చూడాలి. ఆ రెండు చోట్లు ఎక్కడో గుర్తుపెట్టిన బొమ్మ ఒకటి మీ ఆరోగ్యం పేజీలో అచ్చువేయగలరా?

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
తెనాలి.