ఆ డిస్కు అప్పుడే పెట్టకు, తల్లీ

చి. సౌమ్యకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. ఈసారి మామిడి పూత బాగుంది. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. మూడు వారాలుగా నీ ఫోను లేదు, పని ఒత్తిడి అనుకున్నాను. అన్నట్టు, పెద్దత్త ఇంట్లో అటక మీదున్న హార్డ్ డిస్కు నువ్వు పట్టుకెళ్లావని శీను చెప్పాడు. ఆఫీసు ల్యాప్‌టాప్‌కు పెట్టి చూస్తానన్నావట. నిజమేనా?

వేళకు తింటున్నావా? రాత్రిళ్లు మజ్జిగన్నమైనా తిను.

ఆ డిస్కు మన డీటీపీ షాపులో తిరిగింది, బావ నెట్ సెంటరులోనూ తిరిగింది. 2010లో పెళ్లిళ్ల సీజను నీకు గుర్తుండదు. శుభలేఖల పనితో ఊపిరి ఆడని రోజుల్లో ఒక పెద్దాయన పెన్‌డ్రైవ్ తెచ్చాడు. చనిపోయిన కొడుకు ఫొటోలు అందులో ఉన్నాయట, ఒకటి పెద్దది చేసి ఇమ్మన్నాడు. తెరిస్తే ప్రతి ఫోల్డరు బొమ్మ మీదా చిన్న బాణం గుర్తు. ఆలోచించకుండా ఒకదాని మీద రెండుసార్లు నొక్కాను. సాయంత్రానికి షాపులో మూడు కంప్యూటర్లకూ అదే రోగం. ఫొటోలు పోయాయని ఆయనకు చెప్పి, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, అంటే అందులోదంతా తుడిచేసి, చేతిలో పెట్టాను. ఆయన ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. నెల తరువాత రిపేరుకు వచ్చిన కుర్రాడు చెప్పాడు, ఆ వైరస్ ఫోల్డర్లను చెరపదట, దాచిపెట్టి వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుందట. ఒక్క కమాండుతో అన్నీ తిరిగి కనబడేవి. ఆ ఫొటోలను పోగొట్టింది వైరస్ కాదు, నేను.

అందుకే చెబుతున్నాను, ఏం కనిపించినా ఫార్మాట్ చెయ్యకు. ఆ డిస్కులో నాయనమ్మ గొంతు ఉంది. మరో ప్రతి ఎక్కడా లేదు.

ఇప్పటి విండోస్‌లో పెన్‌డ్రైవ్ పెట్టగానే ప్రోగ్రాములు వాటంతట అవి నడవవని నువ్వు అంటావు. నిజమే, విండోస్ 7 నుంచి ఆ దారి మూసేశారు. కానీ 2010లోనే బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్‌కు ఎవరూ దేన్నీ నొక్కనక్కర్లేకపోయింది. ఫోల్డరు తెరిచి ఐకాన్లు కనబడితే చాలు, లోపలికి దూరింది. ఆ లోపాన్ని తరువాత సరిచేశారనుకో. అయినా తెలియని డిస్కును నీ ఉద్యోగం ఆధారపడిన యంత్రానికి ఎందుకు తగిలించడం?

మన పాత డెస్క్‌టాప్ బుజ్జి దగ్గరుంది. నెట్ తీగ పీకేసి, లోపలి హార్డ్ డిస్కు కూడా తీయించు. విండోస్‌కు బదులు వాడే లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో దాన్ని మొదలుపెట్టి, ఆ తరువాతే ఈ డిస్కు పెట్టు. విండోస్ కోసం రాసిన వైరస్ అక్కడ మామూలుగా నడవదు, విండోస్‌లో దాగిన ఫోల్డర్లూ కనబడతాయి. నాయనమ్మ రికార్డింగులు మాత్రమే కొత్త పెన్‌డ్రైవ్‌లోకి తీసుకో. పేరు చివర ప్రోగ్రాములకుండే ఈఎక్స్ఈ, షార్ట్‌కట్‌లకుండే ఎల్ఎన్‌కే అని ఉంటే ముట్టుకోకు. పాట పేరు వెనక కూడా ఈఎక్స్ఈ ఉండవచ్చు, విండోస్ దాన్ని దాచి చూపిస్తుంది. తెచ్చిన వాటిని యాంటీవైరస్‌తో పరీక్షించాకే విను.

పాఠం చెప్పకూడదనుకుంటూనే ఇంత రాశాను. కరివేపాకు పొడి కొరియర్‌లో పంపాను, సీసాలోకి తీసి పెట్టుకో, కవరులో ఉంచితే మెత్తబడుతుంది.

ఇప్పటికే పెట్టేసి ఉంటే దాచకు. నేను కోప్పడను. ముందు వైఫై ఆపి, మీ ఆఫీసులో చూసేవాళ్లకు చెప్పి, తరువాత నాకు ఫోను చెయ్యి. పెట్టకపోయినా చెయ్యి. రాత్రి పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.

మీ నాన్న